ఎనిమిదో రోజు జున్ను

ప్రేమ ఎవరికి ఎక్కడ ఎదురవుతుందో చెప్పలేం. జయరామ్‌కి ఎదురైనప్పుడు మాత్రం అతని ఎడమచేయి మోచేయి దాటి ఒక ఆవు లోపల ఉంది.

పలమనేరు పశువుల ఆసుపత్రిలో అతను కాంపౌండరు. ఆవు చూడి కట్టిందో లేదో చూస్తున్నాడు. బయట వాన దంచుతోంది. ఆ వానలో సైకిలు గోడకు ఆనించి, భుజాన ఐసు డబ్బాతో, బురదైన తెల్లచీరతో ఒక అమ్మాయి వచ్చి నేరుగా అతని ముందు నిలబడింది.

"ఆ చెయ్యి తీసి కడుక్కోండి. మీతో మాట్లాడాల."

"ఒక్క నిమిషం. ఈమెది ముందు వచ్చిన నంబరు" అన్నాడు జయరామ్, ఆవు వీపు తడుతూ.

ఆ అమ్మాయికి నవ్వు రాలేదు. పేరు పంకజాక్షి, చిత్తూరు పిల్ల, ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన నర్సు. ఆ పంతొమ్మిదివందల ఎనభైమూడు శ్రావణంలో ఊరూరా తిరిగి కడుపుతో ఉన్నవాళ్లకు ధనుర్వాతం రాకుండా సూది వేస్తోంది. తుమ్మిగుంటపల్లెలో మాత్రం తొమ్మిదిమంది ఉంటే ఒక్కరూ చెయ్యి చాపలేదట. అడిగితే అందరిదీ ఒకటే మాట, పశువుల డాక్టరు వద్దన్నాడని. ఊళ్లోవాళ్లకు కాంపౌండరే డాక్టరు.

జయరామ్ తెల్లబోయాడు. పోయిన నెల పశువులకు గాలికుంటు జబ్బు రాకుండా సూదులు వేయడానికి ఆ ఊరికి వెళ్లినప్పుడు, నిండుచూడి ఆవులను తోలుకుని రావద్దని, బెదిరితే ఈసుకుపోతాయని, అంటే చూడి పోతుందని, చెప్పిన మాట నిజమే. అయితే అది ఆవుల సంగతి.

"నేను ఆడోళ్లని యాడ అన్నాను నర్సమ్మా?"

"మీరు అనలేదు. వాళ్లు అనుకున్నారు. ఆవుకి పనికిరాంది మాకెట్ల పనికొస్తాది అంటా ఉండారు. అందరికంటే ముందు ఒక పెద్దామె చేటెత్తుకుని నా మీదికి వచ్చింది. తిరుమలమ్మ అంట."

జయరామ్ చెయ్యి బయటికి తీసుకున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"ఆమె మా యమ్మ" అన్నాడు చివరికి.

తుమ్మిగుంటపల్లె అతని సొంత ఊరే. వాళ్లింట్లోనే అక్క దేవకమ్మ ఏడో నెలతో ఉంది. పోయిన ఏడాది ఆమె తొలి బిడ్డ ఎనిమిదో రోజున దవడలు బిగుసుకుని, పాలు పట్టలేక, అతని చేతుల్లోనే పోయాడు. గాలి సోకిందన్నారు ఊళ్లో. బొడ్డు దగ్గర దూరిన ధనుర్వాతం అని పంకజాక్షి చెప్పేదాకా అతనికీ తెలియదు. ఇన్ని పశువులకు వైద్యం చేసేవాడినై ఉండి తెలుసుకోలేదే అని సిగ్గుతో అతని ముఖం కందిపోయింది.

"సూది అక్కకేస్తే బిడ్డకి ఏం లాభం?"

"అక్క ఒంట్లో పుట్టే బలం కడుపులోని మాయలోనుంచి బిడ్డకి పోతాది. పుట్టేనాటికే కాపలా ఉంటాది."

"అట్లెట్ల? ఆవు మాయ ఆ బలాన్ని దాటనీదే. అందుకే గదా దూడ పడతానే జున్నుపాలు తాపేది."

పంకజాక్షి కళ్లు పెద్దవయ్యాయి. ఆ సంగతి ఆమెకు కొత్త. మళ్లీ చెప్పమంది. ఇద్దరూ ఆవు మాయ గురించి, మనిషి మాయ గురించి ఎంత హుషారుగా మాట్లాడుకున్నారంటే, వాన ఎప్పుడు వెలిసిందో కూడా గమనించలేదు. ఆవుగలాయన మాత్రం తన ఆవు చూడి కట్టిందా లేదా అని మూడుసార్లు అడిగి, విసుగుపుట్టి బీడీ ముట్టించాడు.

రెండు సూదులు వేయాలి, మధ్యలో నెల ఎడం ఉండాలి. ఇప్పుడు మొదలుపెట్టకపోతే దేవకమ్మ బిడ్డకు అందదు.

మర్నాడు పొద్దున్నే తుమ్మిగుంటపల్లె పాలకేంద్రం దగ్గర, చెంబులతో వరసలో నిలబడిన ఆడవాళ్ల ముందు తను వద్దన్నది ఆవులకేనని, విడమరిచి చెప్పకపోవడం తన తప్పేనని జయరామ్ ఒప్పుకున్నాడు. ముందు తనకే వేయమని చొక్కా చేయి పైకి మడిచాడు. కోడెలను వంచి సూది పొడిచే మనిషి, తన వంతు వచ్చేసరికి గట్టిగా కళ్లు మూసుకున్నాడు. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. పంకజాక్షి కూడా మొదటిసారి నవ్వింది. అతను ఒక కన్ను తెరిచి చూశాడు, ఇక రెండోది కూడా తెరవక తప్పలేదు.

తిరుమలమ్మ మాత్రం నవ్వలేదు. "నీకేం కడుపా కానుపా. నా కూతురికి ఈ తూరి ఏమన్నా అయితే?"

"అమ్మా, మనింట్లో దూడకి ముందు జున్నుపాలు తాపందే ఎవరినీ చెంబు ముట్టనీవు. ఎందుకు?"

"తాపకుంటే దూడ బతకదు."

"దూడకి పుట్టినాక తాపుతావు. బిడ్డకి పుట్టకముందే ఇయ్యాల. తల్లి ఒంట్లోనుంచే పోవాల. పోయినసారి మనం ఇయ్యలేదమ్మా."

తిరుమలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. దేవకమ్మ జబ్బ తానే పట్టుకుని నర్సు ముందుకు చాపింది. వెనకాల మిగతా ఎనిమిదిమందీ వరస కట్టారు.

ఆ తరవాత తుమ్మిగుంటపల్లెలో పశువులకు జబ్బులు ఎక్కువయ్యాయి. అంటే, పంకజాక్షి వచ్చే శనివారాల్లో మాత్రమే. ఒక శనివారం ఎదురింటి ఆవు ఈనింది. జున్నంటే తనకు ప్రాణమని పంకజాక్షి అంటే, తొలి జున్ను బయటివాళ్లకు పెట్టేది లేదు, ఇంటోళ్లకే అని తిరుమలమ్మ ఊరి కట్టుబాటు చెప్పింది. పంకజాక్షి ముఖం చిన్నబోయింది. జయరామ్ ముఖం అంతకంటే చిన్నబోయింది.

రెండో సూది పడింది. కార్తీకంలో దేవకమ్మ ఆడపిల్లను కన్నది. పంకజాక్షే దగ్గరుండి, ఉడికించిన కొత్త బ్లేడుతో బొడ్డు కోసి, పేడా బూడిదా ఏదీ దగ్గరికి రానీయలేదు.

ఇక రోజులు లెక్కపెట్టడమే. ఆరో రోజు, ఏడో రోజు. ఎనిమిదో రోజు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పంకజాక్షి సెలవు పెట్టి మరీ వచ్చింది. పిల్ల ఉలిక్కిపడి లేచి, కెవ్వున ఏడ్చి, తల్లి రొమ్ము దొరకపుచ్చుకుని చప్పుడొచ్చేలా తాగడం మొదలుపెట్టింది. దేవకమ్మ ఏడుస్తూ నవ్వింది. జయరామ్ గుమ్మంలోనే కూర్చున్నాడు. పక్కనే పంకజాక్షి కూడా.

అప్పుడు తిరుమలమ్మ వంటింట్లోనుంచి గిన్నె తెచ్చి పంకజాక్షి ముందు పెట్టింది. నిన్న ఈనిన వాళ్ల సొంత ఆవు జున్ను, బెల్లం, మిరియాలు వేసి వండింది.

"అమ్మా, తొలి జున్ను ఇంటోళ్లకే అంటివే" అన్నాడు జయరామ్.

"ఇప్పుడూ అదే అంటా ఉండాను. నువ్వు నోరు తెరిచి అడుగుతావని సూస్తే, ఈ పిల్లకి తల నెరిసిపోతాది. వాళ్ల నాయనతో నేను మాట్లాడుకుంటాను."

పంకజాక్షి చెవులు ఎర్రబడ్డాయి. అయినా గిన్నె ముట్టుకోలేదు. జయరామ్ వైపు తిరిగింది.

"మీరు అడగండి. తింటాను."

అతను ఆమె వైపు జరిగాడు. "నన్ను పెళ్లి చేసుకుంటావా పంకజా?" అన్నాడు, మొదటిసారి నర్సమ్మ అనకుండా.

పంకజాక్షి చెంచా కోసం కూడా చూడలేదు. చేత్తోనే తీసుకుని తింది.