వరదమ్మ పటానికి అద్దం లేదు

శుక్రవారం ఉదయం 10:40.

పోయింది బంగారం కాదు, డబ్బు కాదు. వేంకటేశ్వరస్వామి పటానికి ఉన్న అద్దం. పటం ఉంది, ఫ్రేము ఉంది. అద్దం మాత్రం లేదు.

ఎస్సై ప్రసన్నకుమారికి ఇరవయ్యారేళ్ళ సర్వీసు, నడుం నొప్పి. ఇలాంటి కేసుకి కూడా తనే రావాల్సి వచ్చినందుకు విసుగేసింది.

ముసలివాళ్ళకూ వికలాంగులకూ తక్కువ అద్దెకి ఇవ్వడానికి తిరుపతి శివార్లలో ముప్పయ్యేళ్ళ కిందట కట్టిన బ్లాకు అది. పెచ్చులూడిన సీలింగు, విరిగిన ర్యాంపు, గోడల నిండా పగుళ్ళు. రిపేర్లు చేస్తామని ఆఫీసువాళ్ళు రెండు నెలలుగా చెబుతున్నారు.

"ఎప్పుడు తెలిసింది?"

"పొద్దున ఆరుకి," అంది వరదమ్మ. డెబ్బయ్యెనిమిదేళ్ళు. రెండు కళ్ళలోనూ శుక్లాలు. "దినామూ అద్దం మీద గంధం బొట్టు పెడతా. ఈ పొద్దు ఏలు పెడితే కాయితం తడిసింది. చూపు లేకుంటే ఏమి, ఏలికి తెలీదా?"

"నిన్న బయటికి వెళ్ళారా?"

"కంటాసుపత్రికి పోయినా. తొమ్మిదికి పోయి రెండుకి వచ్చినా."

"తాళం?"

"ఎదురింటి ఆదిమూలానికి ఇచ్చినా. ఆయప్పని మాత్రం అనుమానించొద్దు తల్లీ. కుర్చీలోంచి లేవలేడు పాపం."

ప్రసన్నకుమారి పటం తిప్పి చూసింది. వెనక అట్టకి సన్న మేకులు మళ్ళీ కొట్టి ఉన్నాయి. ఒక్కటీ వంకర పోలేదు. పటం విప్పి, అద్దం తీసుకుని, తిరిగి బిగించి పోయిన దొంగను ఆమె ఇంతవరకూ చూడలేదు.

10:55. ఎదురిల్లు.

ఆదిమూలానికి చిన్నప్పుడే పోలియో వచ్చింది. గాంధీరోడ్డులో నలభయ్యేళ్ళు దేవుడి పటాలకి ఫ్రేములు కట్టి బతికాడు. ఇప్పుడు చక్రాల కుర్చీ.

"నిన్న తాళం ఎవరైనా అడిగారా?"

"లేదు మేడమ్."

"ఎవరూ రాలేదా?"

"మా దగ్గరికి ఎవురొస్తారమ్మా?"

ఆమె గోడవైపు చూసింది. నాలుగు పటాలు. ఒక్కదానికీ అద్దం లేదు. ఆమె బయటికి వచ్చింది.

11:25. బ్లాకు రిపేర్లు చూసే ఇంజనీరు చక్రధర్, పోలీసులు వచ్చారని తెలిసి అప్పుడే బైకు దిగాడు. కింది వరండాలో గోడ పగుళ్ళకి అడ్డంగా వేలెడు వెడల్పు గాజు పట్టీలు సిమెంటుతో అతికించి ఉన్నాయి.

"ఇవెందుకు?"

"గోడ కదిలితే గాజు పగులుతుంది మేడమ్. పగిలితే వెంటనే వచ్చి కారణం చూడాలి. మొత్తం ఏడు పెట్టాను. ఒక్కటీ పగల్లేదు."

"మీరే చూశారా?"

అతను తడబడ్డాడు. "నెల నుంచి రాలేకపోయాను. మూడు సైట్లు. వారం వారం ఫోన్ చేస్తే ఆదిమూలమే చూసి చెబుతున్నాడు."

"ఎంత ఎత్తులో పెట్టారు?"

"అన్నీ నా కంటి ఎత్తులోనే. వంగకుండా చూసుకోవచ్చని."

నాలుగు ఆ ఎత్తులోనే ఉన్నాయి. మూడు మాత్రం ఆమె నడుము దగ్గర ఉన్నాయి. వాటి పైన, కంటి ఎత్తులో, పాత సిమెంటు మరకలు.

చక్రధర్ మొహం పాలిపోయింది.

12:10. ఆమె అందరినీ వరండాలోకి పిలిచింది. పై అంతస్తు వాళ్ళు కర్రలు పట్టుకుని మెల్లగా దిగి వచ్చారు.

"పగిలిన గాజుల్ని ఎవరో కర్రతో రాల్చి, కొత్తవి పెట్టారు. నిలబడే మనిషైతే పాతచోటే పెట్టేవాడు. ఇవి కూర్చున్న మనిషి చేతికి అందే ఎత్తు. గాజు ఇంత తిన్నగా కోయడం అందరికీ రాదు. అవునా ఆదిమూలం?"

ఆయన తన చేతులు చూసుకున్నాడు.

"పక్క బ్లాకోళ్ళని రిపేర్లకి ఆర్నెల్లని చెప్పి పాకాల కాడ రేకుల షెడ్లకి పంపినారు. నాలుగేళ్ళాయ. ఒక్కరన్నా తిరిగొచ్చినారా? ఆడ బాత్రూం వాకిట్లో నా కుర్చీ దూరదు. గాజు పగిలిందంటే మమ్మల్నీ పంపేస్తారు. యాడికి పోవాల మేము?"

"మొదటిది ఎప్పుడు పగిలింది?"

"ఇరవై దినాలాయ. పెట్టింది పెట్టినట్టే పగులుతా ఉండాది. పాత గాజు, కోస్తే సగం ముక్కలే. నా పటాలవి అయిపోయినాయి. కొందామంటే ర్యాంపు దిగలేను. అందుకే..."

వరదమ్మ తడుముకుంటూ వెళ్ళి ఆయన భుజం పట్టుకుంది. "నన్నడిగింటే నేనే ఇచ్చేదాన్ని గదా అబ్బా."

ప్రసన్నకుమారికి దొంగ దొరికితే కలగాల్సిన తృప్తి ఏ మూలా లేదు.

12:45. చక్రధర్ భవనం మూల తవ్వించి చూసి వచ్చాడు. ఆమెను పక్కకి పిలిచాడు.

"డ్రైనేజీ పైపు కారి పునాది కింద మట్టి కోసుకుపోయింది మేడమ్. మొదటి గాజు పగిలినప్పుడే తెలిసుంటే పైపు మార్చి, జాకీలు పెట్టి నిలబెట్టేవాణ్ణి. ఎవరూ ఇల్లు వదలాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు పిల్లరే చీలింది. కూల్చక తప్పదు."

"నువ్వు వచ్చి చూసున్నా తెలిసేది."

అతను ఫోన్ తీసి, పాకాల షెడ్లకి వ్యాన్లు కావాలని ఆఫీసుకి చెప్పాడు.

3:30. వ్యాన్లు వచ్చాయి. మూటలు, మందుల సంచులు, స్టవ్వులు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. ఆమె దొంగతనం కేసు రాయలేదు.

నలుగురు మనుషులు ఆదిమూలం కుర్చీ ఎత్తబోయారు. ఆయన వరండా కమ్మీ పట్టుకుని ఆపాడు.

"మేడమ్, ఒక్క మాట. నేను గాజులు మార్చకుండా ఉండింటే... దీన్ని నిలబెట్టేవాళ్ళా?"

చక్రధర్ మొహం తిప్పుకున్నాడు.

నిజం చెప్పమని ఇరవయ్యారేళ్ళుగా ఎంతమందినో గద్దించింది ప్రసన్నకుమారి. ఇప్పుడు ఆమె వంతు వచ్చింది.

"లేదు," అంది. "ఎట్లయినా కూల్చేవాళ్ళే."

"అట్లయితే సరేమ్మా," అని ఆదిమూలం కమ్మీ వదిలేశాడు.