నిప్పుకోడి తోలు

ఆ ఉదయం రాబర్ట్‌సన్‌పేటలో టైలరు షాపు పక్కనున్న ఇరుకు మెట్లు ఎక్కి వచ్చిన ఇసబెల్లా కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమె గోళ్ల అంచుల్లో ఎర్రరంగు ఇంకా పోలేదు. చేతిసంచిని రెండు చేతులతో పొట్టకు అదుముకుని నిలబడింది.

"నన్ను దొంగ అనేసినాడమ్మా," అంది. "మా లైన్లలో అందురూ చూస్తా ఉండంగానే. ఎల్లుండి లోపల కెమెరా తెచ్చియ్యకపోతే స్టేషన్లో పెట్టిస్తాడంట. లేని కెమెరా నేను యాడినుంచి తెచ్చేది?"

డయానా మేరీ బల్ల మీది కాగితాలు పక్కకు జరిపింది. కోలారు బంగారు గనులు మూతపడే వరకూ ఆమె అక్కడ బంగారం పరీక్షించే ల్యాబులో పనిచేసింది. మెరిసే ముక్కల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసి, వాటిలో ఎక్కువభాగం బంగారం కాదని రాసివ్వడమే ఆ ఉద్యోగం. ఉద్యోగం పోయినా ఆ చూపు పోలేదు. మనుషుల్ని కూడా అలాగే చూసేది. ప్రైవేటు డిటెక్టివుగా పదిహేనేళ్లు గడిచాక ఆ చూపులో మిగిలింది తిరస్కారమే.

ఆమె సహాయకుడు చెన్నప్పది గౌనిపల్లి. ఒకప్పుడు కోర్టు సమన్లు పట్టుకుని ఊళ్లు తిరిగినవాడు. కోలారు జిల్లా మొత్తంలో డయానా మేడమ్‌ను మించిన తెలివి లేదని అతని నమ్మకం. టీకొట్టు దొరికిన ప్రతిచోటా ఆ మాట చెప్పకుండా ఉండలేడు.

"మొదటినుంచి చెప్పు," అంది డయానా. "కూర్చుని చెప్పు."

ఇసబెల్లా తండ్రి అంతోని గనిలోకి దిగేవాళ్ల దీపాల బ్యాటరీలకు తోలు బెల్టులు కుట్టేవాడు. తండ్రి పోయాక ఆ కత్తులూ ఆ చేతిపనీ ఆమెకు మిగిలాయి. ఇప్పుడామె కోరమండల్ లైన్లలో, గనివాళ్ల ఆ పాత క్వార్టర్సులోనే ఖరీదైన డిజిటల్ కెమెరాలకు కొత్త ఒళ్లు తొడుగుతోంది. కంపెనీ అతికించిన తొడుగు పీకి, కొలతకు కోసిన పల్చటి తోలు అతికిస్తుంది. పాతకాలపు అందం కావాలనేవాళ్లకు పైరంగు సన్నగా రుద్ది కింది ఇత్తడి కనబడేలా చేస్తుంది. బెంగళూరు, చెన్నైల నుంచి కూడా కొరియర్లో కెమెరాలు వస్తాయి.

"ముళబాగిలులో గ్రానైటు వ్యాపారం చేసే శశికుమార్ తెలుసా అమ్మా? ఆయప్ప జర్మనీ కెమెరా ఒకటి తెచ్చినాడు. ప్రపంచంలోనే అరవై చేసినారంట. ఆకుపచ్చ రంగు, నిప్పుకోడి తోలు. ఆ రంగు తీసి ఇత్తడి చూపించు, ఆ తోలు పీకి ఎర్ర మేకతోలు వెయ్యి అన్నాడు. మూడు వారాలు కూర్చుని చేసినాను. తీసుకుని పోయినాడు. మర్నాడే కారేసుకుని వచ్చి, ఇది నాది కాదు, నాది నువ్వు పెట్టుకుని మామూలుదానికి ఎర్రతోలు వేసి ఇచ్చినావు అంటాడు. కూడా నెల్సన్ని తెచ్చినాడు సాక్షికి."

"నెల్సన్ ఎవరు?"

"ఆండర్సన్‌పేటలో స్టూడియో పెట్టుకోని ఉండాడు. పెండ్లి ఆల్బములు చేస్తాడు. ఆ కెమెరా శశికుమార్‌కు అమ్మింది వాడే." ఇసబెల్లా సంచిని ఇంకాస్త అదుముకుంది. "మా నాయన దగ్గర కూర్చుని తోలు కోసేది నేర్చుకున్నోడమ్మా. మా ఇంట్లో అన్నం తిన్నోడు. నా ముఖం చూడకుండానే, ఇది ఆ కెమెరా కాదు సార్ అనేసినాడు."

డయానా ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "పీకిన తోలు పారేసినావా?" అని అడిగింది.

"నేను ఏదీ పారేయను." ఇసబెల్లా సంచిలోంచి కాగితం కవరు తీసింది. దాని మీద శశికుమార్ పేరూ తేదీ రాసి ఉన్నాయి. లోపల అరచేతికన్నా చిన్నవైన ఆకుపచ్చ తోలు ముక్కలు, వాటి మీద చిన్న చిన్న బుడిపెలు.

డయానా భూతద్దం పెట్టి ముందువైపు చాలాసేపు చూసింది. తర్వాత వెనక్కి తిప్పింది. "ఈ పసుపుపచ్చది ఏమి?"

"చెప్పులు అతికించే గమ్ము. కంపెనీవోళ్లు పల్చటి గమ్ము షీటు వేస్తారు, ఇది వెయ్యరు. ముందే ఎవరో ఒకసారి మార్చినారేమో అనుకుంటి. నాకెందుకులే అని అడగలేదు. రంగు కూడా అట్లే. ఆకుపచ్చ రుద్దితే కింద నలుపు వచ్చినాది, నలుపు రుద్దినాక ఇత్తడి."

"గమ్ములో మినుకుమినుకుమనేది?"

ఇసబెల్లా ముందుకు వంగింది. ఎండిన గమ్ములో రెండు మూడు బంగారు రంగు చుక్కలు చిక్కుకుని ఉన్నాయి. "తెలీదమ్మా. మా ఇంట్లో అట్లాంటిది లేదు."

డయానా కవరు తన సొరుగులో పెట్టి తాళం వేసింది.

*

శశికుమార్ ఇంటి హాలులో దేవుడి పటాలకన్నా పెద్ద గాజు బీరువా ఉంది. అందులో పదకొండు కెమెరాలు. ప్రతిదాని కిందా వెల్వెట్ గుడ్డ, ప్రతిదాని పక్కనా చిన్న దీపం. శశికుమార్ వాటిని ఒక్కొక్కటిగా చూపిస్తూ ఏది ఏ దేశంలో కొన్నాడో చెప్పుకుపోయాడు. చెన్నప్ప నోరు తెరుచుకుని చూశాడు. డయానా ఆవులించింది.

"వీటితో ఏమేమి ఫోటోలు తీసినారు?"

ఆయన నవ్వాడు. "ఫోటోలకు ఫోను ఉండాది గదమ్మా! ఇవన్నీ కలెక్షను. ఒక్కదానికీ బటన్ నొక్కలేదు నేను. నొక్కితే వాల్యూ పోతాది."

"అంటే కండ్లు పాడయిపోతాయని మూసుకుని కూర్చున్నట్ల."

ఆ మాట ఆయనకు ఎక్కలేదు. "ఆ కోరమండల్ లైన్లవోళ్ల చేతికి అట్లాంటి వస్తువు ఇచ్చింది నా తప్పే. గని మూసేసినాక వాళ్లకేముండాది? చేతికి దొరికిందల్లా నొక్కేస్తారు."

చెన్నప్ప భయంగా డయానా వైపు చూశాడు. ఆమె తండ్రీ తాతా ఆ లైన్లలోనే పుట్టారు. ఆమె మాత్రం గోడ మీది బల్లిని చూసినట్టు శశికుమార్‌ను చూసి, చల్లగా అడిగింది: "బెంగళూరులో మీ మాదిరి కెమెరాలు సేకరించేవోళ్ల క్లబ్బు ఒకటి ఉండాదంట?"

"ఉండాది. నెలనెలా పోతాను. ఇప్పుడు దానికీ దీనికీ ఏమి సంబంధం?" ఆయన గొంతు ఒక్కసారిగా గట్టిపడింది.

కాఫీ తెచ్చిన ఆయన కూతురు రక్షిత గేటు దాకా వాళ్ల వెంట వచ్చింది. వెనక్కి ఒకసారి చూసుకుని, "ఆంటీ, ఒక మాట. మా నాయనకు చెప్పొద్దు," అంది. "పోయిన ఉగాదికి ఆ ఆకుపచ్చ కెమెరాతో నేనొక ఫోటో తీసినాను. మా అవ్వ అక్కయమ్మ పట్టుపురుగులకు ఆకు వేస్తా ఉన్నింది. ఆ ఒక్కటే. అట్లే కంప్యూటర్లో ఉండాది."

డయానా మొహం ఆ రోజంతటిలో మొదటిసారి మెత్తబడింది. "ఆ ఇంట్లో కెమెరా అంటే తెలిసింది నీకొక్కదానికే. ఫైలు మార్చకుండా ఇయ్యి తల్లీ. ఇంగొకటి. మీ నాయన ఈమధ్య బెంగళూరు నుంచి ఎట్ల వచ్చినాడు?"

"నెలన్నర కిందట మొహం మాడ్చుకుని వచ్చినాడు. అన్నం కూడా తినలేదు. మర్నాడే ఆ కెమెరా తీసుకుని నెల్సన్ అంకుల్ దగ్గరికి పోయినాడు."

*

నెల్సన్ స్టూడియోలో మూడు బల్లల నిండా పెళ్లి ఆల్బములు ఆరుతున్నాయి. అట్టల మీద గుండె గుర్తులు, నెమళ్లు, వధూవరుల పేర్లు. అన్నిటి మీదా బంగారు చెమ్కీ పొడి. నెల్సన్ తెల్లచొక్కా వేసుకుని, సువార్త చెబుతున్నంత మెత్తగా మాట్లాడాడు.

"ఇసబెల్లా మంచిదే అక్కా. నాకు చెల్లెలి మాదిరి. ఆశ అనేది మనిషిని ఏమైనా చేయిస్తాది గదా. నేను ఆమె కోసం ప్రార్థన చేస్తా ఉండాను."

"ప్రార్థనలో ఏమని చెప్తావు? దొంగ అని పేరు పెట్టింది నేనే అని కూడా చెప్తావా?"

నెల్సన్ చిరునవ్వు చెదరలేదు. "ఆ అరవై కెమెరాల్లో లోపలి మిషనే వేరు అక్కా. ఇప్పుడు ఉండేది మామూలుది. రాసి సంతకం పెట్టి ఇస్తాను, కావాలంటే."

"ఇయ్యి."

రాసిచ్చాడు. బయటికి వచ్చాక చెన్నప్ప చొక్కా చేతిని దులుపుకుంటూ విసుక్కున్నాడు. ఎంత దులిపినా చెమ్కీ పోలేదు. డయానా అతని చేతిని పట్టుకుని ఆ మెరుపును ఎండలో తిప్పి చూసి, "దులపొద్దు చెన్నప్పా," అంది.

*

మర్నాడు పదిగంటలకు అందరూ ఇసబెల్లా ఇంట్లో చేరారు. ఆ చోటు డయానాయే పట్టుబట్టి నిర్ణయించింది. శశికుమార్ ప్లాస్టిక్ స్టూలును రుమాలుతో తుడిచి, దాని మీద ఇంకో రుమాలు పరిచి కూర్చున్నాడు. నెల్సన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. డయానా పిలిపించిన ఎస్ఐ దొడ్డమునియప్ప కిటికీ పక్కన, రక్షిత ఆయన వెనకాల. ఇసబెల్లా తన పనిబల్ల పక్కన గోడకు ఆనుకుని ఉంది. శశికుమార్ తీసుకొచ్చిన ఎర్రతోలు కెమెరా బల్ల మీద ఉంది. రుద్దిన ఇత్తడి అంచులు, ఎక్కడా అతుకు తెలియని తోలు. ఆ గదిలో నిజాయితీగా చేసిన వస్తువు అదొక్కటే అని చెన్నప్పకు అనిపించింది.

"ఇసబెల్లా, దీంతో ఒక ఫోటో తియ్యి," అంది డయానా.

ఇసబెల్లా కిటికీని ఫోటో తీసింది. చెన్నప్ప కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టాడు.

"డిజిటల్ కెమెరా తీసే ప్రతి ఫోటోలోనూ దాని లోపలి నంబరు పడుతాది. పైతోలు మార్చినా, రంగు మార్చినా అది మారదు. ఎస్ఐ గారూ, ఆ నంబరు చదవండి. పక్కనుండే ఫోటోది కూడా చదవండి. అది పోయిన ఉగాదికి, కెమెరా శశికుమార్ గారి బీరువాలో ఉండంగా తీసినది."

దొడ్డమునియప్ప కళ్లద్దాలు సర్దుకుని రెండూ చదివాడు. మళ్లీ చదివాడు. "రెండూ ఒకటే!"

"బీరువాలో ఉండే కెమెరాకు ఫోటో తీసింది ఎవరు?" శశికుమార్ లేచి నిలబడ్డాడు.

"నేనే నాయనా," అంది రక్షిత.

"కూర్చోండి," అంది డయానా. "మీరు ఇచ్చిందీ ఇదే, తీసుకున్నదీ ఇదే. మార్చింది ఎవరూ లేరు. మరి ఆ అరవైలో ఒకటి యాడ పోయింది? యాడికీ పోలేదు. అది ఎప్పుడూ లేదు."

ఆమె కవరులోని ఆకుపచ్చ ముక్కలు బల్ల మీద పరిచింది.

"నిప్పుకోడి తోలు మీద బుడిపెలు ఈకలు ఊడిన చోట్లు. రెండు చోట్ల ఒకే మాదిరి ఉండవు. దీని మీద ప్రతి రెండు వేళ్ల వెడల్పుకూ అదే వరస మళ్లీ వస్తాది. ఇది అచ్చు గుద్దిన ఆవు తోలు. ఆకుపచ్చ రంగు కింద నలుపు. ఆకుపచ్చగా అమ్మే కెమెరాకు కంపెనీ ముందు నలుపెందుకు వేస్తాది? మామూలు నల్ల కెమెరా కొని, పైన ఆకుపచ్చ పూసి, చెప్పుల గమ్ముతో ఈ తోలు అతికించినారు. ఆ గమ్ములో చెమ్కీ ఉండాది. చెన్నప్పా, నిన్న నెల్సన్ స్టూడియోలో తిరిగిన ఆ చొక్కా చూపించు."

చెన్నప్ప గర్వంగా చేయి చాచాడు. ఎస్ఐ భూతద్దంలోంచి చొక్కానూ తోలునూ మార్చి మార్చి చూశాడు.

"చెమ్కీ యాడైనా దొరుకుతాది," అన్నాడు నెల్సన్.

"దొరుకుతాది. కానీ ఆ చెమ్కీ ఎగిరే గదిలో కూర్చునేవోడు, తోలు కొయ్యడం తెలిసినోడు, ఈ కెమెరా అమ్మినోడు ఒక్కడే. నిన్న సంతకం పెట్టి అబద్ధం రాసిచ్చింది కూడా వాడే."

శశికుమార్ మొహం వెలిగింది. "అంటే నేను మోసపోయినోణ్ని! ఎస్ఐ సార్, వీణ్ని..."

"తొందరపడొద్దు," డయానా ఆయన వైపు తిరిగింది. "ఒక మనిషి అరవైలో ఒకటని చెప్పి కెమెరా కొంటాడు. దాని గొప్పంతా ఆ రంగులో, ఆ తోల్లో ఉండాది. బటన్ నొక్కితే వాల్యూ పోతాదని భయపడే మనిషి, ఆ రంగు రుద్దెయ్యి, ఆ తోలు పీకెయ్యి అని ఎందుకంటాడు? అది నకిలీదని తెలిస్తేనే. క్లబ్బులో చెప్పినారు, అవునా? ఆ అరవై నంబర్లలో మీ కెమెరా నంబరు లేదని."

శశికుమార్ తలుపు దగ్గరున్న నెల్సన్ వైపు చూశాడు.

"మర్నాడే పోయి నెల్సన్ని నిలదీసినారు. మోసపోయినానని ఒప్పుకుంటే క్లబ్బులో నవ్వుతారు. బయటపడితే నెల్సన్ స్టూడియో మూతపడుతాది. ఇద్దరికీ ఒక దొంగ కావాల్సి వచ్చినాది. రుజువంతా ఆమె చేతుల్తోనే పీకించి, చెత్తలో వేయించి, నేరం ఆమె నెత్తిన పెట్టాలనుకున్నారు. మీ ఇంట్లో పనికిరానిది పారేస్తారు. ఈ లైన్లలో ఎవరూ ఏదీ పారేయరు. అది మీకు తెలీదు. నెల్సన్, నీకు తెలిసుండాల్సింది."

"ఉపాయం సార్‌దే!" అన్నాడు నెల్సన్.

"నువ్వు గదరా చెప్పింది, ఆమె అడగదు, మాట్లాడదు అని!" అరిచాడు శశికుమార్.

తర్వాత ఎవరూ ఏమీ అడగాల్సిన అవసరం రాలేదు. ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ మొత్తం కక్కేశారు. దొడ్డమునియప్ప రాసుకున్నాడు. రక్షిత తండ్రి మొహం చూడలేక బయటికి వెళ్లిపోయింది.

ఇసబెల్లా నెల్సన్ ముందుకు వచ్చి నిలబడింది. "మా నాయన చచ్చిపోయినప్పుడు పెట్టె మోసినావు నువ్వు," అంది. నెల్సన్ తల దించుకున్నాడు. ఎస్ఐ అతని భుజం మీద చెయ్యి వేసి బయటికి నడిపించాడు.

శశికుమార్ కారు వైపు పోతూ, డోరు తెరిచి, లోపలికి ఒక కాలు పెట్టి, ఇసబెల్లా వైపు చూడకుండా "సారీ" అన్నాడు. ఇంగ్లీషులో, గొంతు లోపల.

"ఆ రోజు ఎట్ల అన్నారో అట్లే," అంది డయానా. "అందరికీ వినబడేటట్ల. లేకపోతే నేనే ఈ కథ బెంగళూరు క్లబ్బుకు రాసి పంపిస్తాను."

ఆయన కాలు బయటికి తీశాడు. అప్పటికే లైను పొడుగునా తలుపులు తెరుచుకున్నాయి. నీళ్ల కుళాయి దగ్గర బిందెలు ఆగాయి. గని వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బల వైపు నుంచి గాలి లేచి ఆయన తెల్ల ప్యాంటు నిండా బూడిదరంగు దుమ్ము పోసింది. గ్రానైటు క్వారీలో రెండొందల మందిని గదమాయించే గొంతుతో, ఆ ఆడవాళ్ల ముందు, "ఈమె దొంగ కాదు. నేను అబద్ధం చెప్పినాను," అన్నాడు.

ఒక ముసలమ్మ తుపుక్కున పక్కకు ఉమ్మి కుళాయి తిప్పుకుంది. ఇంకా ఏదో జరగాలన్నట్టు శశికుమార్ నిలబడే ఉన్నాడు.

"ఇంగ పో అప్పా," అంది ఇసబెల్లా. "చెన్నై నుంచి రెండు వచ్చి ఉండాయి. నాకు పనుండాది."

ఆమె లోపలికి వెళ్లి కిటికీ రెక్కలు బార్లా తెరిచి, వెలుగు పడేచోట కత్తికి సాన పట్టడం మొదలుపెట్టింది.