ఉప్పునీళ్ళ తొట్టిలో కరెంటు

సత్తిబాబు చనిపోయింది నిన్న సాయంత్రం 6.35కి. ఎస్సై హాజిరా ఆ ఇంట్లో అడుగుపెట్టింది ఈ ఉదయం 8.40కి. శవం అప్పటికే పోస్ట్‌మార్టానికి వెళ్ళిపోయింది. కంపు మాత్రం ఇంట్లోనే ఉంది.

హాల్లో నాలుగడుగుల గాజు తొట్టి. నిన్నటిదాకా అందులో పగడాలు, చారల చేపలు, చిన్నపాటి సముద్రం. గోదావరిఖని ఎండలకు, పంపులు ఆగిపోయి పద్నాలుగు గంటలయ్యేసరికి అదంతా కుళ్ళి జిగురైంది. చేపలు పొట్టలుబ్బి తేలాయి. హాజిరా ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుంది. 

సత్తిబాబు గనిలో పంపు ఆపరేటర్. రోజూ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తడికాళ్ళతోనే తొట్టిలో చెయ్యిపెట్టి చేపలకు మేత వేసేవాడు. నిన్న పెట్టిన చెయ్యి మళ్ళీ తీయలేదు.

కానిస్టేబుల్ రాయమల్లు తొట్టి కింది అర తలుపు తీశాడు. లోపల పైపులాంటి యూవీ స్టెరిలైజర్.

"నీళ్ళు దీన్లకెళ్లి పోతుంటే లోపలి దీపం క్రిముల్ని సంపుతదట మేడమ్. దీపం చుట్టున్న గాజు గొట్టం పలిగింది. ఉప్పునీళ్ళకు కరెంటు తలిగింది. ఎర్త్ వైరు సుత ఊడి ఉన్నది. నిన్న పగటీలి మెకానిక్ ప్రశాంత్ వచ్చి దీపం మార్చిండు. రాత్రే తెచ్చి స్టేషన్ల కూసోబెట్టినం."

"ఒప్పుకున్నడా?"

"లేదు. వాళ్ళ అవ్వ ఐలవ్వ పొద్దటిసంది గేటు కాడ ఏడుస్తున్నది. ఇగ జైలే వానికి."

సోఫాలో సత్తిబాబు కొడుకు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివిన రవికాంత్ కూర్చున్నాడు. పరదాలన్నీ మూసి ఉన్నా నల్లకళ్ళద్దాలు తీయలేదు. వాటి కింది నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. తల్లి కమలకుమారి తన దుఃఖం దిగమింగుకుని కొంగుతో కొడుకు చెంపలు తుడుస్తోంది.

"అర్ధరాత్రి నుంచి ఒకటే ఏడుపండి. నాన్నంటే ప్రాణం వీడికి" అంది.

ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అయ్యో పాపం అన్నారు. హాజిరా అనలేదు.

"అమ్మా, ప్రశాంత్ ఎన్నింటికి పని మొదలుపెట్టిండు?"

"12.10కండి. అప్పుడే అలారం మోగింది."

"ఏం అలారం?"

"తొట్టికి కరెంటు ఆగితే చాలు, కూత పెడుతుంది. చేపలు పోతాయని ఆయనే పెట్టించారు."

"మళ్ళ ఎప్పుడు మోగింది?"

"ఆయన పోయినప్పుడు. ఫ్యూజ్ కొట్టేసింది. ఆ కూత వినే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చాను."

"మధ్యల?"

"మోగలేదు."

"కొత్త దీపం వెలిగిందా?"

"వెలిగిందండి. అయిదున్నరకి చూశాను. పైపు కొసన నీలంగా కనబడింది."

"అప్పటిసంది ఇంట్ల ఎవరున్నరు?"

"మేం ముగ్గురమే. ఆయన 6.10కి స్నానానికి వెళ్ళారు."

"సార్‌కు ఇంక సర్వీసు ఎంతుండె?"

"నాలుగు నెలలేనండి."

10.15. స్టేషన్.

ప్రశాంత్ చేతులు జోడించాడు. "స్విచ్ బంద్ జెయ్యకుంట ఆ డబ్బ ముట్టనే ముట్ట మేడమ్. ఆ దీపం కంటికి తగిల్తె ఖతం. గాజు పలిగితే నీళ్ళు జొచ్చి అయిదు నిమిషాల్ల దీపం పోతది. నేను పలగ్గొడితే సాయంత్రం దాకా ఎట్ల ఎలిగింది?"

హాజిరా అతని కళ్ళలోకి చూసింది. రాత్రంతా నిద్ర లేకపోయినా తేటగా ఉన్నాయి.

ఆమె తండ్రి అస్గర్ ముప్ఫై ఏళ్ళు వర్క్‌షాపులో వెల్డర్. అద్దం లేకుండా ఆర్క్, అంటే వెల్డింగ్ వెలుగు, చూసిన రోజు సాయంత్రం దాకా బాగానే ఉండేవాడు. అర్ధరాత్రి నుంచి కళ్ళల్లో ఇసుక పోసినట్టుందని గిలగిల్లాడేవాడు. అమ్మ ఆలుగడ్డ చక్రాలు కోసి రెప్పల మీద పెట్టేది. ఈ ఊళ్ళో ఏ వెల్డర్ పెళ్ళాన్ని అడిగినా చెబుతుంది.

11.30. మళ్ళీ అదే హాలు, అదే కంపు. ఈసారి ప్రశాంత్‌ని కూడా తెచ్చారు.

"అద్దాలు తియ్యి రవికాంత్."

"మండుతున్నయి మేడమ్. ఏడ్చి ఏడ్చి..."

"తియ్యి."

తీశాడు. కళ్ళు నిప్పు కణికలు. నుదురు, ముక్కు, చెంపలు కమిలిపోయి ఉన్నాయి.

"ఏడిస్తే కండ్లు ఎర్రబడతయి. మరి నుదురెట్ల కాలింది?"

అతను మళ్ళీ అద్దాలు పెట్టుకోబోయాడు.

"స్విచ్ బంద్ చేస్తే అలారం మోగుతది, అమ్మ వస్తది. అందుకని దీపం వెలుగుతుండంగనే బయటికి గుంజినవ్. దాని ముంగటనే మొఖం పెట్టి గాజు పలగ్గొట్టినవ్, ఎర్త్ వైరు ఊడవీకినవ్. మీ నాయిన స్నానం చేసే టైంల. ఐటీఐల కరెంటు నేర్చుకున్నవ్. ఆ దీపం సంగతి నేర్చుకోలే. ప్రశాంత్ స్విచ్ బంద్ చేసిండు, వాని కండ్లు మంచిగున్నయి. వెల్డింగ్ మంటల ఉండే కిరణాలే ఆ దీపంల ఉంటయి. నీ కండ్లకు ఆర్క్ కొట్టింది."

కమలకుమారి చెయ్యి కొడుకు భుజం మీద నుంచి జారిపోయింది.

"రవీ... చెప్పరా, కాదని చెప్పు."

"నాలుగు నెలలైతే రిటైర్ అయితుండె" అన్నాడు రవికాంత్ గొణుగుతూ. "డ్యూటీల ఉండంగ పోతేనే నాకు డిపెండెంట్ నౌకరి. రిటైర్ అయినంక ఎవడిస్తడు? పర్మినెంట్ అయితె నిన్ను కూడ మంచిగ సూసుకుందునమ్మా."

ఆమె ఏడవలేదు. కొడుకు చెంపలు తుడిచిన కొంగును చూసుకుంది. పీడను దులుపుకున్నట్టు భుజం మీది నుంచి లాగి నేలకేసి కొట్టి, పక్కగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

హాజిరాకి ఒళ్ళంతా రోత పుట్టింది. ఇన్నేళ్ళ సర్వీసులో హంతకుల్ని చాలామందినే చూసింది. చంపిన వాడి కళ్ళమంటను కొడుకు దుఃఖమనుకుని తల్లి తుడవడం మాత్రం ఎన్నడూ చూడలేదు.

ప్రశాంత్‌ని వదిలేశారు. రవికాంత్‌కి బేడీలు వేసి జీపు ఎక్కించారు. బండి కదిలేలోగా అతను తల బయటపెట్టి, నీళ్ళు కారుతున్న కళ్ళతో మెల్లగా అడిగాడు.

"మేడమ్, కండ్లు గిట్లనే ఉంటే నౌకరి మెడికల్ల ఫెయిల్ జేస్తరా?"

హాజిరా రోడ్డు పక్కకు పోయి వాంతి చేసుకుంది.