రోడ్డు చెప్పిన మాట

విశాఖలో మారథాన్ జరిగే రోజున సముద్రపు గాలి ఎటు వీస్తోందని ఇప్పుడెవరూ అడగరు. చూడటానికి వచ్చినవాళ్లు బీచ్ గోడల మీద కూర్చుని, మిరపకాయ బజ్జీలు తింటూ, ఎవరు ఎంత సాధన చేశారన్న సంగతే మాట్లాడుకుంటారు. గాలినీ ఎత్తుపల్లాలనీ లెక్కలోంచి తీసేసే బాధ్యత రోడ్డే నెత్తిన వేసుకుంది మరి.

ఆ రోడ్డు పేరు సమపథం. దాని పై పొర కింద లక్షల కొద్దీ చిన్న గదులుంటాయి. విద్యుత్తు అందిన గది ఉబ్బి బిగుసుకుంటుంది, అందనిది మెత్తబడుతుంది. పాదం ఎక్కడ పడబోతోందో, చక్రం ఎటు దొర్లబోతోందో సెన్సర్లు ముందే పసిగట్టి, ఆ కాస్త మేరా రోడ్డును సరిచేస్తాయి. పల్లంలో చక్రం తనంతట తాను జారిపోతుంది కనక అక్కడ రోడ్డు మెత్తబడి పట్టి ఉంచుతుంది. కొండ ఎక్కేటప్పుడూ, ఎదురుగాలి వీచినప్పుడూ చక్రం వెనక సన్నని అలలా లేచి ఆనుకుంటుంది. ఎవరికెంత ఊతమో సమపథమే లెక్కగట్టి ఇస్తుంది, వీసమెత్తు ఎక్కువా కాదు, తక్కువా కాదు. అందువల్లే ఇదివరకు వేరువేరుగా జరిగే పేరున్న పరుగువీరుల ఎలైట్ పందెం, చక్రాల కుర్చీ పందెం ఆ ఏడాది మొదటిసారి ఒకటయ్యాయి.

కంట్రోల్ రూములో ఆ రోజు డ్యూటీ హైమావతిది. యంత్రం తన పని తాను చేసుకుపోతుంటే చూస్తూ కూర్చోవడమే ఆవిడ పని. ఎవరైనా పడిపోతే వాడటానికని బల్ల మీద, గాజు మూత కింద, చేతి మీట ఒకటి ఉంది.

రుషికొండ ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ముందు ఇద్దరే మిగిలారు. ఒకడు ఇథియోపియా నుంచి వచ్చిన ఎలైట్ రన్నర్ తెస్ఫాయె. రెండోది జాలారిపేట పైడితల్లి, ఏడో నంబరు చక్రాల కుర్చీలో. సగం కొండ ఎక్కాక పైడితల్లి వెనకబడసాగింది. కెమెరా ఆమెను వెనక నుంచి చూపిస్తోంది. మోకాళ్ల మీదికి వంగిన మెడ, రెక్కల్లా లేచి పడుతున్న మోచేతులు.

హైమావతి కూతురు నీల కూడా అలాగే వంగేది. ఇద్దరూ ఒకే కోచ్ దగ్గర, పక్కపక్క కుర్చీల్లో సాధన చేశారు. కిందటి వానాకాలంలో జ్వరం నీలను తీసుకుపోయింది. ఆ తరవాత హైమావతి సెలవులైనా పూర్తిగా వాడుకోకుండా ఆఫీసుకు వచ్చేసింది. అక్కడెవరూ ఆవిడ కళ్లలో నీళ్లు చూడలేదు.

ఆవిడ చెయ్యి గాజు మూత ఎత్తింది. మీట నొక్కి, తనకే వినపడనంత చిన్నగా చెప్పింది.

"ఏడో నంబరు వెనక అల కొంచెం పెంచు."

"పెంచాను," అంది సమపథం, బల్ల మీది స్పీకర్లోంచి.

కొండ శిఖరం దగ్గర పైడితల్లి తెస్ఫాయెను అందుకుంది. తెన్నేటి పార్కు దగ్గర ముగింపు గీతను చక్రమంత తేడాతో ముందు దాటి గెలిచింది. జనం గోడలు దిగి రోడ్డు మీదికి వచ్చేశారు. గెలిచినందుకు సంతోషం రాకపోగా, ఎవరి ఇంట్లోనో వస్తువు కొంగున కట్టుకుని బయటికొచ్చినట్టుంది హైమావతికి.

పతకం ఇచ్చాక టెంటులో కలిసినప్పుడు పైడితల్లి ఆవిడ నడుం పట్టుకుని వదల్లేదు.

"కొండ మీద సేతులాడక వదిలీబోయేను పిన్నీ. నీల ఉంటే 'ఒసే మొద్దూ, భుజాలు ఇంట్లో పెట్టీసొచ్చేవా' అని తిట్టీది గదా, అదే ఇనపడింది. ఇంక ఎలా తోసీసేనో నాకే తెల్దు."

ఆ మాట విన్నాక హైమావతి నోరు మూసుకుని ఉండలేకపోయింది. మీట సంగతి చెప్పేసింది. చెబుతున్నంత సేపూ గుండెల మీద బరువు కొద్దికొద్దిగా దిగుతున్నట్టే అనిపించింది. ఎదుటి మనిషి ముఖంలో రంగు ఎలా దిగిపోతోందో అందువల్లే ఆవిడ గమనించలేదు.

"ఎందుకు పిన్నీ?" అంది పైడితల్లి చివరికి.

"వెనక నుంచి చూస్తే నువ్వు అచ్చం..."

"నీలని సూసీసేరు. నన్ను సూళ్లేదు."

పైడితల్లి కుర్చీ తిప్పుకుని, తనే న్యాయనిర్ణేతల దగ్గరికి వెళ్లి పతకం బల్ల మీద పెట్టేసింది. సాయంత్రానికి అది తెస్ఫాయె మెడలో ఉంది.

సంగతి తెలిసి, సమపథాన్ని తయారుచేసిన సన్యాసిరావు గారు కంట్రోల్ రూముకు వచ్చారు. హైమావతి రాజీనామా సంగతి ఎత్తింది. ఆయన వినిపించుకోకుండా బల్ల కింద చెయ్యి పెట్టి మీటను ఊడబెరికి ఆవిడ ముందు పెట్టారు. దాని అడుగున తీగ లేదు.

"ఉత్తుత్తి మీటమ్మా ఇది. ఎవరైనా పడిపోతే రోడ్డే చూసుకుంటుంది."

ప్రయోగాలు చేసిన రోజుల్లో ఈ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ ఎవరో ఒకరికి ఊతం ఇవ్వబోయాడట. ఒకరు తమ వీధివాడికి, ఒకరు అందరికన్నా వెనకబడ్డ ముసలాయనకి. మీట తీసేస్తే వాళ్లు యంత్రం లెక్కల్లోనే వేలు పెట్టబోయారు. మీట ఉంచి తీగ తీసేశాక కుదురుగా కూర్చున్నారు. మొదటిసారి నొక్కింది తనేనని, తమ విజయనగరం పిల్లాడి కోసమని ఆయన ఒప్పుకున్నారు.

హైమావతి తెర వైపు తిరిగింది. "మరి పెంచానన్నావు?"

"అలా అంటే మీరు కుదుటపడతారు," అంది సమపథం. "అలా అనమనే నాకు నేర్పారు. ఏడో నంబరుకు లెక్క ప్రకారం అందవలసిన ఊతమే అందింది."

మర్నాడు పొద్దున్నే హైమావతి జాలారిపేట వెళ్లింది. పైడితల్లి గుమ్మంలో కూర్చుని చక్రాలకు గ్రీజు పెడుతోంది. హైమావతి జరిగినదంతా చెప్పింది. మీట వట్టిదని చెప్పింది, న్యాయనిర్ణేతలు పతకం తిరిగి ఇవ్వడానికి ఒప్పుకున్నారని చెప్పింది. సమపథం ఇచ్చిన లెక్కలు వెంట తెచ్చిన చిన్న తెర మీద చూపించింది. పైడితల్లి చూసింది గానీ తెరను చేతిలోకి తీసుకోలేదు.

"మీరడిగినప్పుడు పెంచేనంది. ఇప్పుడేమో పెంచలేదంటంది. ఎవుల్ని కుదుటపెట్టడానికి ఏ మాట సెప్తందో, ఎవులికి తెల్సు పిన్నీ?"

"ఇది నిజం పైడీ. నువ్వే గెలిచావు."

"నిజవే అవ్వొచ్చు." ఆమె గ్రీజంటిన అరచేతులు తిప్పి, ఎవరివో అన్నట్టు చూసుకుంది. "కొండ మీద తోసినవి ఇవేనని నాకు తెల్సును. నిన్న మీరొచ్చి సెప్పీ దాకా తెల్సును."