మాట వెనక ఊహ

బళ్లారిలోని ఆ కోచింగ్ క్లాసులో బ్యాంకు పరీక్షకు లాజికల్ రీజనింగ్ జరుగుతోంది. గాదిలింగప్ప సార్ బోర్డు మీద ఒక ప్రకటన రాశారు: “బ్యాంకు ఉద్యోగం కావాలా? మా దగ్గర చేరండి.”

“ఈ మాట వెనక దాగిన ఊహ ఏంది?”

“అందరికీ బ్యాంకు ఉద్యోగం కావాలని, సార్!” అన్నాడు సుదర్శన్.

ముందు బెంచీలో పద్మశ్రీ ఫక్కున నవ్వింది.

క్లాసయ్యాక అతను మెట్ల దగ్గర ఆమెను ఆపాడు. అతని ఊరు యశ్వంతనగర్‌లో వాళ్లింటికి లారీలున్నాయి. అక్కడ అతని మాటకు ఎవరూ నవ్వరు.

“అంత నవ్వేదానికి ఏముండాది అందులో?”

“తిరగేసి చూడండి. అందరికీ ఉద్యోగం అక్కర్లేదనుకోండి. ప్రకటనకి నష్టమేమైనా ఉందా?”

“లేదు.”

“ఒక్కరికి కూడా అక్కర్లేదనుకోండి?”

“అప్పుడు ప్రకటనే దండగ!”

“అదీ! ఏది లేదంటే మాట కూలిపోతుందో అదే అసలు ఊహ. కొందరికి కావాలి, అంతే.”

మరునాటి నుంచి సుదర్శన్ కూడా ముందు బెంచీలోనే. వానాకాలమంతా బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాణి, బజ్జీలు తింటూ ఇద్దరూ ప్రశ్నలు తిరగేశారు. వాన ఆగినా ఎవరూ లేచేవారు కారు.

ఫలితాలొచ్చాయి. పద్మశ్రీ సెలెక్టయింది. సుదర్శన్ కాలేదు. ఆ రోజు నుంచి అతను ఫోన్ ఎత్తలేదు.

పద్మశ్రీ బస్సెక్కి నేరుగా యశ్వంతనగర్ వచ్చింది. లారీ షెడ్డులో ఎర్రదుమ్ము దులుపుకుంటూ కనిపించాడు.

“ఫోన్ ఎందుకు ఎత్తట్లేదు?”

“నువ్వు ఆఫీసరు. నేను ఫెయిలు. మీ నాయన నిన్ను నాకిస్తాడా?”

“అంటే, నన్ను పెళ్లి చేసుకోవాలనుకున్నారన్నమాట!”

సుదర్శన్ నాలుక కరుచుకున్నాడు.

“అదే కదా మీ మాట వెనక ఊహ?” పద్మశ్రీ చెవులు ఎర్రబడ్డాయి. “ఆదివారం మా ఇంటికొచ్చి నాన్నని అడగండి.”

ఆదివారం దేశనూరులో, వరిమడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ పద్మశ్రీ నాన్న బసవపున్నయ్య అంతా విన్నాడు.

“బ్యాంకు అల్లుడే కావాలని నేనెవరితో అన్నానబ్బాయ్? ఒక్కటి చెప్పు. మా అమ్మాయిని ఎక్కడో దూరాన వేస్తారు. నువ్వూ వెళ్తావా?”

ఈ ప్రశ్న సుదర్శన్‌కు ఎన్నడూ తోచలేదు. లారీలు, అన్న, ఇల్లు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. తలుపు వెనక పద్మశ్రీ గాజులు కదిలాయి.

“లారీలు మా యన్న చూసుకుంటాడు. యాడికైనా పోతా, మామా!”

తలుపు వెనక నవ్వు వినిపించింది. బసవపున్నయ్య మీసంలో నవ్వు దాచుకున్నాడు.

“నేనింకా ఔననలేదయ్యా,” అని లోపలికి కేకేశాడు. “అమ్మాయ్, అబ్బాయికి కూడా అన్నం వడ్డించు.”