పై బిట్ మీద గురి

కాఫీ కప్పు ఇంకా వేడిగానే ఉంది. కంపైలర్ ఇంజనీర్ మాత్రం చల్లబడిపోయాడు. సైలెన్సర్ తూటా, సరిగ్గా కణతలో.

"విదేశీ ముఠా పనే. ప్రోగ్రాముల్ని మెషిన్ భాషలోకి మార్చే ఇతని కంపైలర్‌తోనే కొత్త ఎక్స్‌ప్రెస్ బ్రేక్ కోడ్ తయారైంది," ఇయర్‌పీస్‌లో చీఫ్. "అయినా టెస్టులన్నీ పాసయ్యాయి, బండి బయల్దేరింది. నువ్వొచ్చెయ్."

ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ కదల్లేదు. పట్టు వదలడని ఏజెన్సీలో అతన్ని ఉడుము అంటారు.

"ఆ బండి నడిపేది మా అక్క సార్."

"ఇది ఆర్డర్! రాకపోతే ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనివ్వండి." ఇయర్‌పీస్ పీకి పారేశాడు.

ఇంజనీర్ స్క్రీన్ మీద కంపైలర్ కోడ్ పరుగెత్తింది. డ్రైవర్ ఎమర్జెన్సీ బ్రేక్ లాగితే ఒకే ఒక్క బిట్ సున్నా నుంచి ఒకటవుతుంది. పాత కంపైలర్ ఆ బిట్‌ను విడదీసి, సున్నాతో పోల్చి, ఆపైన బ్రేక్ వేసే కోడ్‌కి జంప్ చేసేది. మూడు ఇన్‌స్ట్రక్షన్లు. చనిపోయినవాడు వాటిని ఒక్కటి చేశాడు. బిట్ చూడు, దూకు!

కానీ అన్నిటికన్నా పై బిట్ దగ్గర ఎవరో ఒక లైన్ దూర్చారు. పై బిట్ చూడమంటే దాని కింది బిట్ చూస్తుంది. మనింటి తలుపు కొడితే పక్కింటివాడు పలికినట్టు! ఆ బిట్‌ను పరీక్షించే టెస్టు కూడా మాయం, అందుకే మిగతావన్నీ పాసయ్యాయి. బ్రేక్ ఉన్నది సరిగ్గా అక్కడే. అక్క ఎంత లాగినా బండి ఆగదు.

లైన్ కొట్టేశాడు. బ్రేక్ కోడ్ మళ్లీ తయారయ్యేలా బిల్డ్ నొక్కాడు.

"చేతులెత్తు."

సెంటు వాసన. ఏజెన్సీలో అంతా మెరుపు అని పిలిచే అందాల రాశి! చేతిలో లిప్‌స్టిక్ పిస్టల్.

"నువ్వా! రెండు పడవల మీద కాళ్లా?"

"మునగలేదుగా! ఎక్స్‌ప్రెస్‌కి ఎదురుగా పట్టాల మీద గూడ్స్ బండి పెట్టించాం. అక్కకి టాటా చెప్పు తమ్ముడూ."

"అక్క జోలికొస్తే తమ్ముణ్ణి కాదు, యముణ్ణి!"

వేషం కోసం తెచ్చుకున్న ఏసీ గ్యాస్ సిలిండర్ వాల్వ్‌ను కాలితో తన్నాడు. తెల్లటి మంచు ఆమె ముఖాన పేలింది. తూటా సీలింగ్‌లో దిగింది. పిస్టల్ లాక్కుని, బిల్డ్ పూర్తయిన మరుక్షణం కొత్త కోడ్‌ను రేడియో లింక్‌లో బండికి పంపాడు.

అక్కడ అక్క గూడ్స్ బండిని చూసింది. బ్రేక్ లాగింది. ఉలుకూ పలుకూ లేదు. పళ్లు బిగించి మళ్లీ లాగింది. ఈసారి చక్రాలు కీచుమన్నాయి. జానెడు దూరంలో బండి ఆగింది.

ఫోన్ మోగింది. అక్క.

"ఒరే, ఈ బ్రేక్ కోడ్ ఎవడు రాశాడో కనుక్కో. టీ అంతా యూనిఫాం మీద ఒలికింది!"