పొగ రాని రోజు

"బండి పక్కకి తియ్! నీ పొగకి నా కళ్ళు పోతున్నాయి!"

"వెనకున్నవాడికే పొగ తగిలేది. ముందుకొచ్చి చూడు, తగలదు."

ప్రాక్టీసు ట్రాకు చివర, గుట్ట దిగే మలుపులో వాళ్ళిద్దరి మొదటి మాటలు ఇవి. ప్రేమకథ మల్లెపూల వాసనతో మొదలవ్వాలనుకునేవాళ్ళు వేరే కథ చూసుకోవచ్చు. ఇది కాలిన ఆయిల్ వాసనతో మొదలైంది.

ఆమె మెకానిక్ కూతురు. మూడు పాత బళ్ళ ముక్కలేరి తండ్రి చేతులారా కట్టిన టూ స్ట్రోక్ నడుపుతుంది. ఆ బండి వదిలే నీలప్పొగ చూసి ట్రాకులో అందరూ ఆమెని 'పొగ' అనేవాళ్ళు. అతను పెద్ద షోరూం తరఫున కొత్త ఫోర్ స్ట్రోక్ మీద తిరిగేవాడు. బండికి స్టిక్కర్లు, జాకెట్‌కి స్టిక్కర్లు, హెల్మెట్‌కీ స్టిక్కర్లే. ఆమె అతనికి ఆ రోజే 'షోరూం' అని పేరు పెట్టేసింది.

"టూ స్ట్రోక్ కాలం ఎప్పుడో అయిపోయింది. ఇంకా ఈ డబ్బా పట్టుకుని వేలాడుతున్నావా?" అన్నాడు, హెల్మెట్ తీసి దగ్గుతూ.

"మా డబ్బా తిరిగిన ప్రతి చుట్టుకీ ఒకసారి పేలుతుంది. మీది ఒక చుట్టు పేలి, ఇంకో చుట్టు ఆవులిస్తుంది. పూర్తి జీతం తీసుకుని సగం పని చేసే రకం."

"ఆ సగం పని చేసేదే ఇందాక గుట్ట ఎక్కేటప్పుడు నిన్ను దాటింది."

"నీ ఇంజను నా ఇంజనుకి రెట్టింపు! ఇద్దరు కలిసి ఒకణ్ణి కొట్టి మీసం తిప్పడం కూడా ఒక గొప్పేనా?"

అతనికి నవ్వొచ్చింది. దాచుకున్నాడు. "నీ బండికి కింద బలం లేదు. మూలిగి మూలిగి, ఉన్నట్టుండి దెయ్యం పట్టినట్టు ఎగురుతుంది. నాది అలా కాదు, ఎక్కడ తిప్పితే అక్కడ లాగుతుంది. ఎద్దులాగా."

"ఎద్దు మీద కూర్చుని థ్రిల్లు గురించి మాట్లాడకు."

"దమ్ముంటే ఒక రౌండు మార్చుకుందామా?"

"దమ్ము సంగతి తర్వాత. ముందు నీ ఓనరుని అడిగి రా, బాబూ."

అడగలేదు. మార్చుకున్నారు. అతను ఆమె బండి ఎక్కి గుట్ట మీదికి బాణంలా పోయాడు. దిగేటప్పుడు అలవాటు ప్రకారం థ్రాటిల్ వదిలాడు. ఫోర్ స్ట్రోక్ అయితే ఇంజనే బండిని వెనక్కి పట్టి నెమ్మదిస్తుంది. ఇది నెమ్మదించలేదు. తిన్నగా పోయి పాత టైర్ల కుప్పలో తల దూర్చింది.

"వదిలేశాను కదా! అయినా పోతుందేంటి?" టైర్లలోంచి అరిచాడు.

"దానికి వదలడం తెలీదు. బ్రేకు నువ్వే వెయ్యాలి," అంది ఆమె, కడుపు పట్టుకుని నవ్వుతూ.

"సరే, నా బండి ఎలా ఉంది?"

"సోఫాలా ఉంది."

అబద్ధం. ఆ బండి మీద గుట్ట దిగినప్పుడు తొలిసారి ఆమె చేతులు వణకలేదు. ఆ మాట చెబితే తండ్రికి ద్రోహం చేసినట్టు అనిపించి మింగేసింది.

మర్నాటి నుంచి అతని చైను రోజూ వదులైపోయేది. కొత్త బండికి అంత జబ్బు ఎందుకొచ్చిందో మెకానిక్కి తెలియక కాదు. మాట్లాడకుండా చైను బిగించి, టీ గ్లాసు చేతిలో పెట్టేవాడు.

"థాంక్స్ బాబాయ్!" అనేవాడు అతను.

ఒకరోజు షెడ్డు రేకుల మీద వాన దంచుతోంది. ఆమె డబ్బాలో పెట్రోలు పోసి, అందులో నీలం రంగు ఆయిల్ కొలిచి కలుపుతోంది.

"మా నాన్నని బాబాయ్ అంటున్నావు. అయితే నువ్వు నాకేమవుతావు?" అంది తలెత్తకుండా.

అతను లెక్కేసుకున్నాడు. ముఖం పాలిపోయింది. మరుక్షణం షెడ్డు లోపలికి చూసి గొంతెత్తాడు. "మామయ్యా! టీ చాలా బాగుంది!"

లోపల పానా కింద పడిన చప్పుడైంది.

"దేనికిదంతా? ప్రతిసారీ కలపాలా?" డబ్బా వంక చూస్తూ అడిగాడు.

"మీ బండికి పొట్టలో వేరే ఆయిల్ ఉంటుంది. దీనికి ఉండదు. పెట్రోలుతో పాటు ఇంత పోస్తేనే దానికి తిండి. ఉత్త పెట్రోలు పోశావనుకో, కాసేపు ఎన్నడూ లేనంత హుషారుగా పరిగెడుతుంది. పొగ కూడా రాదు. తర్వాత లోపల ఎండిపోయి ఇంజను పట్టేస్తుంది. చక్రం అక్కడికక్కడే ఆగిపోతుంది. మీదున్నవాడు మాత్రం ఆగడు." డబ్బా మూత బిగించి గట్టిగా ఊపింది.

రేకుల సందులోంచి కారిన చుక్క ఒకటి ఆమె కంట్లో పడింది. చేతులు రెండూ జిడ్డు. మోచేతితో తుడుచుకోబోయి, అక్కడా జిడ్డే ఉండటంతో ఒంటికన్ను మూసుకుని నిలబడింది.

"ఆగు ఆగు," అని అతను చొక్కా చెయ్యి లాగి ఆమె కన్ను తుడిచాడు. కన్ను ఆరాక కూడా చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంటే జర్రున జారిపోయింది.

"నీ చెయ్యి ఎప్పుడూ ఇలా జారుతుందా?"

"పట్టుకోవడం చేతకాకపోతే జారుతుంది."

రెండోసారి గట్టిగా పట్టుకున్నాడు.

ఆ వానలు వెళ్ళేలోపే షోరూం ఓనరు ప్రకటించాడు. టీములో ఒకే ఒక్క సీటు. సీజను ఆఖరి రేసులో ఎవరు మొదట వస్తే వాళ్ళది. బండి ఏదైనా సరే, నడిపేది ఎవరైనా సరే. అప్పటికి షోరూం కుర్రాడు కూడా ట్రయల్ మీదే తిరుగుతున్నాడు తప్ప సీటు అతనికీ ఖాయం కాలేదు.

ఆమెకి నిద్ర కరువైంది. ఇన్నాళ్ళూ ట్రాకులో ఆమె గెలిచినా, "మెకానిక్ కూతురు సరదాకి తిరుగుతోంది" అనేవాళ్ళు. ఆ సీటు వస్తే సరదా అనే నోళ్ళు మూతపడతాయి. తండ్రి కట్టిన ఇంజను షోరూం ఇంజన్ల పక్కన నిలబడుతుంది.

"మనిద్దరిలో నువ్వు గెలిస్తే?" అని అతన్నే అడిగింది.

"ఏడుస్తావు."

"నేను గెలిస్తే?"

"నేను ఏడుస్తాను. ఆనందంతో అని అందరికీ చెబుతాను."

రేసు రోజు పొద్దున్నే ప్రాక్టీసు రౌండులో బండి దగ్గింది. ట్యాంకులో చెత్త. తండ్రి ట్యాంకంతా వంపేసి, కడిగి బిగించాడు. బిగించి, బళ్ళు దింపిన లారీ వెనక్కి పోయాడు. కూతురు రేసు ఆయన ఎప్పుడూ చూడలేదు. చూస్తే గుండె ఆగుతుందని ట్రాకుకి వీపు పెట్టి కూర్చుని, చెవులతోనే వినేవాడు.

ఇక ట్యాంకు నింపాలి. ఆమె డబ్బా ఎండకి ఉండకూడదని షోరూం టెంటు నీడలో పెట్టింది అతనే. మైకులో రైడర్లని పిలుస్తున్నారు. ఆమె గ్లవ్స్ వెతుక్కుంటోంది.

"నువ్వు వేసుకో. నేను పోస్తాలే," అన్నాడు అతను, టెంటులోకి పరిగెడుతూ.

తన బండి తను చూసుకోకుండా ఆమె బండికి పెట్రోలు పోస్తున్నవాణ్ణి చూస్తే ఆమెకి కడుపు నిండిపోయింది. మూత బిగించి, ట్యాంకు మీద తట్టి, "పో! నన్ను ఏడిపించు!" అన్నాడు.

జెండా లేచింది. మొదటి మలుపులోనే ఆమె ముందుంది. బండి ఎన్నడూ లేనంత పదునుగా పాడుతోంది. జనంలో ఎవడో అరిచాడు.

"ఒరేయ్, ఇవాళ పొగకి పొగ రావట్లేదురా!"

అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆమెకి వినపడలేదు. వెనక ఏముందో చూసుకునే అలవాటు ఆమెకి లేదు. లారీ వెనక ఆమె తండ్రి మాత్రం తల పైకెత్తాడు. ఇంజను గొంతులో ఏదో సన్నని ఎండు మోత. లేచి నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ట్రాకు వైపు తిరిగి పరిగెత్తాడు. "ఆపవే! ఆపు తల్లీ!"

గుట్ట ఎక్కే చోట, థ్రాటిల్ అంచుదాకా ఉండగా, ఇంజను పట్టేసింది. చక్రం ఆగిపోయింది. ఆమె ఆగలేదు.

భుజం ఎముక రెండు ముక్కలైంది. అతను గెలిచాడు.

తప్పు ఎప్పుడూ పల్లానికే పారుతుంది. ఓనరు ఒక్క మాటన్నాడు. "షెడ్డులో చేత్తో కట్టిన ఇంజను ఇంతే." ట్రాకు కమిటీవాళ్ళు రెండో మాటన్నారు. ఇకనుంచి అలాంటి బళ్ళు ట్రాకులోకి రాకూడదు. మూడో మాట ఎవరూ అడగలేదు. మెకానిక్ ఎదురు చెప్పలేదు. బండి మీద పట్టా కప్పాడు. విప్పి చూడనైనా లేదు.

"పిస్టన్ బిగువు పెట్టుంటాను," అన్నాడు ఆస్పత్రిలో, తన చేతులే చూసుకుంటూ. "వయసైంది కదా. వేళ్ళకి తెలియట్లేదు. నిన్ను చంపేసేవాణ్ణి, తల్లీ."

ఆ తర్వాత ఆయన ఇంజను ముట్టలేదు. ట్యూబులకి పంచర్లు వేస్తూ కూర్చున్నాడు.

అతను రోజూ వచ్చేవాడు. పళ్ళు కోసి పెట్టేవాడు, దిండు సర్దేవాడు. మెకానిక్ చేతులు చూసుకుంటూ అలా మాట్లాడుతున్నప్పుడు కూడా అక్కడే ఉన్నాడు. పండు తొక్క తీస్తూ ఉన్నాడు.

"నా పెట్రోలు డబ్బా ఏది?" అని ఒకసారి అడిగింది.

"ఆ గొడవలో ఎక్కడో పోయిందిలే. కొత్తది కొంటాను."

ఎముక అతుక్కున్నాక, ఒక సాయంత్రం అతను అక్కనీ బావనీ తీసుకుని వచ్చాడు. ముందుగదిలో నాలుగు కుర్చీలు వేశారు. అక్క మంచి మనిషి. "మా వాడు రేసు గెలిచినరోజు కూడా ఇంటికొచ్చి అన్నం ముట్టలేదమ్మా. ఒకటే ఏడుపు. నువ్వంటే అంత పిచ్చి," అంది.

మెకానిక్ చాలా రోజుల తర్వాత నవ్వాడు. "మామయ్యా అని ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు. ఆ పిలుపేదో నిజం చేసేద్దాం." తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఆ బండి ఇంక ఇంట్లో వద్దు తల్లీ. పాత ఇనుము వాడు రేపు వస్తానన్నాడు. ట్యాంకు వంపేసి పెట్టు."

ఇద్దరూ పెరట్లోకి వెళ్ళారు. ఆమె పట్టా లాగి, ట్యాంకు పైపు ఊడదీసి, కింద స్టీలు మగ్గు పెట్టింది. అతను గోడకానుకుని సరసమాడుతున్నాడు.

"పెళ్ళయ్యాక నా ఎద్దు మీదే తిరగాలి, తెలుసా?"

ఆమె మగ్గులోకి చూస్తోంది. అడుగున మెరిసే స్టీలు తేటగా కనపడుతోంది. నీలం రంగు లేదు. వేళ్ళు ముంచి రుద్దింది. చల్లగా తగిలి, చూస్తుండగానే ఆరిపోయింది. జిడ్డు లేదు.

"చెయ్యి చాపు," అంది.

"ఉంగరమా?" నవ్వుతూ చాపాడు.

అరచేతిలో కొంచెం పోసింది. "రుద్దు."

అతను రుద్దలేదు. అరచేతిని చూస్తూ ఉండిపోయాడు. ఆ నిలబడటంతోనే ఆమెకి అంతా అర్థమైపోయింది. తెలియనివాడైతే రుద్దేవాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు పడ్డాక." అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "టెంటులోకి వెళ్తే నీ డబ్బా నిండుగా అక్కడే ఉంది. హడావుడిలో నా డబ్బా తీసి పోసేశాను. రోజూ నా బండికి పోసే చెయ్యి కదా, అదే పట్టుకుంది. ఒట్టు. కావాలని చెయ్యలేదు."

"నమ్ముతాను. డబ్బా ఏం చేశావు?"

"టెంటు వెనక పారబోశాను. చెబితే కావాలనే చేశానంటారు. గెలుపు కొట్టేస్తారు. సీటు..."

"చెయ్యి మర్చిపోయింది, పోనీ. నోరు కూడా మర్చిపోయిందా? ఆయన నీ ఎదురుగా కూర్చుని నా చేతులు పాడైపోయాయి అంటుంటే పండు తొక్క తీశావు కదరా!"

"నీకు అన్నం పెట్టడానికైనా ఆ సీటు ఉండాలనుకున్నాను. నిజంగా."

"రేపు ట్రాకులో అందరి ముందూ చెబుతావా?"

అతను ముందుగది వైపు చూశాడు. "పెళ్ళయ్యాక మెల్లగా మామయ్యకి మాత్రం..."

"మామయ్య అనకు."

ఆమె మగ్గు తీసుకుని పక్కనున్న షెడ్డులోకి నడిచింది. తండ్రి, ఎవరో పంచరుకి పిలిస్తే అతిథుల దగ్గర్నుంచి లేచి వచ్చి, నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. ఆయన అరచెయ్యి తిప్పి పెట్రోలు పోసింది.

"రుద్ది చూడు నాన్నా."

రుద్దాడు. ఆగాడు. మళ్ళీ రుద్ది వాసన చూశాడు.

"ఆయిల్ లేదేంటే?"

"చుక్క కూడా లేదు."

ఆయన తన రెండు చేతులూ ముందుకి పెట్టుకుని, ఎవరివో చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అంటే నా చెయ్యి కాదన్నమాట."

"నీ చెయ్యి కాదు నాన్నా. నీ ఇంజను ఆఖరిదాకా పాడింది."

"నా చెయ్యి కాదు!" పిల్లాడిలా నవ్వాడు. ట్యూబు తొట్టిలో పడేసి మళ్ళీ అన్నాడు, "నా చెయ్యి కాదే!" నవ్వు మధ్యలో ఆగింది. "మరి ఎవరు పోశారు?"

ఆమె పెరటి వైపు చూసింది. అంతే.

ముందుగదిలో అక్క గొంతు వినపడుతోంది, ఏ నెలలో అయితే బాగుంటుందో అని. మెకానిక్ తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"మంచి కుర్రాడే అనుకున్నాను," అన్నాడు.

"మంచివాడే. మంచితనం సీటు దాకా వచ్చి దిగిపోయింది."

వీధిలో ఫోర్ స్ట్రోక్ స్టార్టయింది. అక్క కంగారుగా బయటికి వెళ్ళి ఏదో అడిగింది. అతను ఆగలేదు. వాలు దిగుతుంటే ఇంజను తనను తానే పట్టుకుంటూ, గుడగుడమంటూ నెమ్మదించిన చప్పుడు. మలుపు తిరిగేదాకా ఆమె చెవులు ఆ చప్పుడు వెనకే పోయాయి. వద్దన్నా పోయాయి.

తండ్రి గోడకున్న పానాల డబ్బా దించాడు. మూత మీద దుమ్ము ఊదాడు.

"పాత ఇనుము వాణ్ణి రావద్దని చెప్పు. ఇంజను విప్పుదాం. నువ్వు వస్తావా?"

"వస్తున్నా. నువ్వు పద."

ఆయన వెళ్ళాక కళ్ళు తుడుచుకోబోయి, అలవాటుగా ఆగి చేతులు చూసుకుంది. జిడ్డు లేదు. ఎవరి చొక్కా చెయ్యీ అక్కర్లేదు. రెండు చేతులతోనూ తుడుచుకుంది. పెట్రోలుకి కళ్ళు భగ్గుమన్నాయి. మండనీ అనుకుని పెరట్లోకి నడిచింది.